తీసివేతలో అప్పు



పాఠశాల చరిత్రను పెద్దలు వివరించారు. నేను మూడవ తరగతి లెక్క ఒక్కటి విన్నవిస్తాను. 402 నుండి 157 తీసివేయాలి. ఉద్యోగంలో చేరిన కొత్తలో నేను నల్లబల్ల మీద, "రెండులో ఏడు పోదు, పక్కింటి నుండి అప్పు తెచ్చుకో" అని చెప్పేదాన్ని. మన షోలాపురంలో మగ్గం నేసే ఇంటి బాలిక ఒకతె లేచి, "ఆ అప్పు ఎప్పుడు తీరుస్తామండీ?" అని అడిగింది. తరగతి నవ్వింది. నేను కసిరి కూర్చోబెట్టాను. వాకిట్లో అప్పులవాడు నిలబడటం ఆమె ఎరుగును. నా లెక్కలో అప్పు ఎన్నటికీ తీరదు! ఆమె పలక మీద జవాబు 355. ప్రతి స్థానంలోనూ పెద్ద అంకె నుండి చిన్నదాన్ని తీసివేసింది. అప్పు చేయకుండా గడుపుకునే దారి ఆమెకు అదే తోచింది.

నిజానికి అక్కడ ఉన్నది అప్పు కాదు, చిల్లర మార్పు. తరువాతి ఏడు ఈనెపుల్లలను పదేసి కట్టలుగా, పది కట్టలను ఒక మోపుగా కట్టించాను. నాలుగు మోపులు, విడిగా రెండు పుల్లలు. ఏడు పుల్లలు తీయాలి. విప్పడానికి విడి కట్ట లేదు. కనుక ముందు ఒక మోపు విప్పాలి, పది కట్టలు వస్తాయి. వాటిలో ఒకటి విప్పితే పన్నెండు పుల్లలు. మూడు మోపులు, తొమ్మిది కట్టలు, పన్నెండు పుల్లలు. ఎన్నిసార్లు ఎంచినా 402 పుల్లలే. సున్న ఉన్నచోట తొమ్మిది ఎందుకు వచ్చిందో పిల్లల చేతులకే తెలిసింది. మిగిలినవి 245. పలక మీద వ్రాత ఆ తరువాతనే. (పాఠ్యాంశాలు పూర్తిచేసే తొందరలో పుల్లలను అటకెక్కించడం మా ఉపాధ్యాయులకు అలవాటు, నేనూ కొన్నేళ్ళు ఎక్కించాను.)

ఆ బాలికకు మాత్రం నేను జవాబు చెప్పనే లేదు. ఈనాడు పూర్వ విద్యార్థినుల వరుసలో కూర్చుని ఉంటే, అమ్మా, అది అప్పు కాదు. మన మోపునే మనం విప్పుకున్నాం.