ముక్కుకు ఆపరేషను – శ్వాస కోసమా, సోకు కోసమా?

(సంఘం వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం)



మేము ఉర్దూ బడిలో చదువు చెప్పేవాళ్లం, డాక్టర్లం కాము. అయినా ఈ విషయం ఎత్తుకోవడానికి కారణం మా తప్పే. చిత్తూరులో మా తరగతి పిల్లవాడొకడు ఎప్పుడూ నోరు తెరుచుకుని కూర్చునేవాడు. మధ్యాహ్నమైతే కునుకుపాట్లు. "నోరు మూసుకుని పాఠం విను" అని ఎన్నిసార్లు కసిరామో! నోరు మూస్తే వాడికి ఊపిరాడదని మాకు తెలియదు. చిన్నప్పుడు కిందపడి ముక్కుకు దెబ్బ తగిలిందట. పైకి కొంచెం వంకర. లోపల ఒకవైపు గాలికి దారే లేదు.

రెండు ముక్కురంధ్రాల నడుమ ఎముక, మృదులాస్థితో ఒక గోడ ఉంటుంది. అది బాగా వంగితే గాలి ఆడదు. లోపలినుంచే దాన్ని సరిచేయడాన్ని సెప్టోప్లాస్టీ అంటారు. బయట గాటు కనబడదు, మామూలుగా రూపమూ మారదు. రూపం దిద్దేది రైనోప్లాస్టీ. అవసరమైతే రెండూ కలిపి చేస్తారు. అయితే ప్రతి ముక్కుదిబ్బడకూ కత్తి అక్కరలేదు. అలర్జీ అయితే మందులతోనే తగ్గవచ్చు.

"అల్లా ఇచ్చిన ముక్కును మార్చవచ్చునా?" అని మనవాళ్లు అడుగుతారు. అర్ఫజా అనే సహాబీకి ఇస్లాముకు ముందు జరిగిన కులాబ్ యుద్ధంలో ముక్కు తెగిపోయింది. వెండి ముక్కు పెట్టించుకుంటే దుర్వాసన వచ్చింది. అప్పుడు ప్రవక్త (స) బంగారు ముక్కు పెట్టించుకోమన్నారు. అబూ దావూద్, తిర్మిజీ హదీసు గ్రంథాల్లో ఇది ఉంది. మగవాళ్లకు బంగారం కూడదన్న మతంలోనే ఈ అనుమతి! చికిత్స వేరు, సోకు వేరు.

ఈ విద్య మన దేశానికి కొత్తదీ కాదు. 1792 నాటి మైసూరు యుద్ధంలో టిప్పు సుల్తాను సైన్యానికి చిక్కి ముక్కు పోగొట్టుకున్న కవాస్‌జీ అనే ఎడ్లబండివాడికి, పూణేలో నుదుటి చర్మంతో కొత్త ముక్కు చేశారు. 1794లో ఆ సంగతి లండన్ పత్రికలో పడింది. 1814లో కార్ప్యూ అనే ఇంగ్లీషు సర్జను ఈ పద్ధతిలోనే ఆపరేషను చేశాడు.

ఇక ఆడపిల్లల మాట. సంబంధానికి వచ్చినవాళ్లు "ముక్కు చప్పిడి" అని లేచిపోతే, ఆరోగ్యంగా ఉన్న పిల్లను కత్తి కిందికి తోయకండి. మత్తుమందు, రక్తస్రావం, ఖర్చు అన్నీ ఉంటాయి. ఊపిరి ఆడని పిల్లనైతే మాత్రం "ముక్కు కోయించుకుంది అంటారే" అని దాచిపెట్టకండి. ఉర్దూలో నాక్ కట్‌గయీ అంటే పరువు పోయిందని అర్థం. చికిత్సతో ఎవరి పరువూ పోదు.

తిరుపతిలో ఎస్వీ మెడికల్ కాలేజీకి చెందిన రుయా ఆసుపత్రిలో చెవి, ముక్కు, గొంతు విభాగం ఉంది. ముందు అక్కడ చూపించండి.

ఆ పిల్లవాడికి వయసు వచ్చినాక ఆపరేషను అయింది. మొన్న బజారులో కనబడి, "సార్, ఇప్పుడైతే నోరు మూసుకునే వింటాను" అని నవ్వినాడు. మాకు నవ్వు రాలేదు. నోరు తెరుచుకుని కునికే బిడ్డను తిట్టేముందు, వాడికి గాలి ఆడుతుందో లేదో చూడండి. మేము చూడలేదు.