మెయిల్ ఒకచోట, డిస్కు మరోచోట

1998లో సైబర్ టవర్స్ తెరుచుకున్న మాదాపూర్ చుట్టూ ఇవాళ వేల ఆఫీసులు. అమెజాన్ వెబ్ సర్వీసెస్ కూడా 2022 నవంబరులో హైదరాబాద్ రీజియన్ ప్రారంభించింది. ఇంత పెద్ద ఐటీ ప్రాంతంలో మెయిల్ నడిపే సర్వర్ ఒకచోట, ఉత్తరాలు దాచే డిస్కు నెట్‌వర్క్‌ అవతల మరోచోట ఉండడం మామూలే. ఇలా దూరపు డిస్కును వాడుకునే ఎన్‌ఎఫ్‌ఎస్ పద్ధతిని సన్ మైక్రోసిస్టమ్స్ 1984లో రూపొందించింది.

చిక్కల్లా ఒకేసారి ఇద్దరు రాయకుండా ఆపే ఫైలు తాళాలతోనే (లాక్). పాత ఎంబాక్స్ పద్ధతిలో ఒకరి ఉత్తరాలన్నీ ఒకే ఫైల్లో ఉంటాయి. రెండు సర్వర్లు ఒకేసారి అందులో రాస్తే, తాళం సరిగ్గా పడకపోతే, ఫైలు పాడవుతుంది. అందుకే డేనియల్ బెర్న్‌స్టైన్ రూపొందించిన మెయిల్‌డిర్ నాకు గొప్పగా తోస్తుంది. ప్రతి ఉత్తరానికీ విడి ఫైలు. ముందు 'టెంప్' ఫోల్డర్లో పూర్తిగా రాసి, తర్వాత 'న్యూ'లోకి చేరుస్తుంది. తాళంతో పనే లేదు!

అడ్మిన్‌గా పనిచేసే మిత్రులకు ఒక మాట. దూరపు డిస్కును సర్వర్‌కు కలిపేటప్పుడు (మౌంట్) సాఫ్ట్ మౌంట్ వద్దు, హార్డ్ మౌంటే పెట్టండి. నెట్‌వర్క్ తెగితే సాఫ్ట్ మౌంట్ కాసేపు చూసి చేతులెత్తేస్తుంది, ఉత్తరం సగంలో ఆగిపోవచ్చు. హార్డ్ మౌంట్ డిస్కు తిరిగి వచ్చేదాకా ఆగుతుంది. సర్వర్ల గడియారాలన్నీ ఒకే సమయం చూపాలి. రీబూట్ తర్వాత డిస్కు నిజంగా మౌంట్ అయిందో లేదో చూశాకే మెయిల్ సర్వీసు మొదలుపెట్టండి. లేదంటే కొత్త ఉత్తరాలు లోకల్ డిస్కులోని ఖాళీ ఫోల్డర్లో పడిపోతాయి, వాటి యజమానులకు కనిపించవు.