సాక్ష్యము చెప్పు పాత పంపులు
(పఠనమందిరమున ఒక న్యాయవాది చేసిన ప్రసంగపాఠము)



పెట్రోలు పంపులను గూర్చి ప్లీడరు ప్రసంగించుటయేమని మీలో కొందరు నవ్వుకొనుచుందురు. నవ్వుడు, కాని కొంచెము వినుడు. అమెరికాలో పాత పంపులను సేకరించి, మరుగుపడిన ప్రాంతీయపు పెట్రోలు కంపెనీల పేర్లను వెదకి తీయువారు పెక్కుమంది కలరు. వారి పనిలో నాకు వినోదముకంటె సాక్ష్యవిచారణయే యెక్కువగా కన్పట్టినది.

తొలి పంపు మోటారుబండ్లకై పుట్టినది కాదు. 1885లో ఇండియానా రాష్ట్రమున ఫోర్టు వేన్ పట్టణమందు సిల్వానస్ బౌసర్ అనునతడు ఒక కిరాణాకొట్టువానికి కిరసనాయిలు కొలిచి పోయుటకై దానిని చేసియిచ్చెను. మోటార్లు వచ్చిన పిమ్మట అట్టి పంపులే వీథికెక్కినవి. అయితే భూమిలోని తొట్టినుండి గొట్టమున బండిలోనికి పోవు పెట్రోలు కొనువాని కంటబడదు. కనబడని కొలతను నమ్ముటెట్లు? ఒకప్పుడు నూనెకొట్టులో గిద్దెతో కొలుచునపుడు మన పెద్దలు చూపు మరల్చెడివారా? ఈ సంశయమునకు సమాధానముగా వచ్చినదే గాజుపంపు. మనిషికంటె ఎత్తైన స్తంభము. దాని తలపై తరచుగా పది గాలనులు పట్టు గాజుపీపా. అందు గాలను గాలనుకు గుర్తులు. పనివాడు ప్రక్కనున్న పిడిని ముందువెనుకల కాడించి పెట్రోలును పైకెక్కించును. కొనువాడు గుర్తు చూచుకొనును, రంగు చూచుకొనును. అంతట అది తన బరువుచేతనే బండిలోనికి దిగును. 1930 దశకమున వెలను తామే లెక్కించు పంపులు వచ్చి వీనిని మూలకు నెట్టినవి.

ఇక పేర్ల మాట. 1911 మే 15న అమెరికా సుప్రీముకోర్టు తీర్పుచే స్టాండర్డు ఆయిల్ సంస్థ 34 కంపెనీలుగా చీలినది. న్యూయార్కున సోకోనీ, ఒహాయోలో సోహాయో అట్లు వచ్చినవే. వానికి తోడు ఎక్కడికక్కడ చిన్న కంపెనీలు లేచి, తమ గుర్తును గాజుగోళముపై వ్రాయించి, లోన దీపముంచి, పంపు నెత్తిన నిలిపినవి. కాన్సాసువారి కనోటెక్సునకు ప్రొద్దుతిరుగుడు పువ్వు గుర్తు. లాస్ ఏంజెలెసు గిల్మోరు కంపెనీకి సింహము. పాడిపశువుల క్షేత్రమున నీటికై త్రవ్వగా నూనె తగిలినదని ఆ కుటుంబపు కథ. రాస్కో టర్నర్ అను వైమానికుడు గిల్మోరు అను పేరుగల సింహపుపిల్లను వెంటబెట్టుకొని యెగిరెడివాడు. దానికి వేరుగా పారాషూటు కూడ నుండెను! చచ్చిన పిమ్మట దాని చర్మము నింపి స్మిత్సోనియన్ ప్రదర్శనశాలకు చేర్చిరి. కంపెనీయో, 1940 దశకమున సోకోనీ-వాక్యూములో కలసిపోయినది.

చిన్న కంపెనీల దస్త్రములు పలుచోట్ల నశించినవి. కావున శోధకులు పాత పట్టణ డైరెక్టరీలు, ఉచితముగా పంచిన రహదారి పటములు, పత్రికా ప్రకటనలు, వ్యాపారచిహ్నముల రిజిష్టర్లు తిరుగవేయుదురు. పంపుమీది రంగు పొరలును దస్త్రములే. పై పొర క్రింద వేరొక కంపెనీ పేరు బయటపడుట కలదు. ఇచటనే నా ఫిర్యాదు. ఇనుమును తెల్లబడునంతవరకు గీకించి, తళతళలాడు రంగు వేయించి, ఆ పంపు ఎన్నడును మోయని అరుదైన పేరును, నిన్న పోతపోసిన గోళమును తగిలించి అమ్మువారు కలరు. దస్తావేజులో అక్షరములు చెరిపి వేరే పేరు వ్రాసినవానిని మనమేమందుము?

ఇది పరదేశపు ముచ్చట మాత్రమే కాదు. 1957లో విశాఖపట్టణమున కాల్టెక్సు చమురుశుద్ధిశాల వెలసెను. 1978లో కాల్టెక్సు హిందూస్థాన్ పెట్రోలియములో లీనమాయెను. ఆ మార్పునకు నేను వగచువాడను గాను. కాని మొన్న నొక కక్షిదారుని పల్లెకు పోగా, ఆయన పశువుల పాకకు కాల్టెక్సు ఎనామిలు పలక తలుపుగా నున్నది. “రుద్ది రంగు వేయించమందురా, ప్లీడరుగారూ?” అని అడిగెను. వలదంటిని. తుప్పుతోనే యుండనిచ్చి, అది యే యూరి పంపుదో, ఎవరు నడపిరో, తన తండ్రిగారు జ్ఞాపకముంచుకొన్నంత వరకు ఒక కాగితముపై వ్రాయించి, తేదీ వేసి, సంతకము చేయించుమంటిని.