యంత్రము వ్రాసిన వర్తకలేఖ

2022 నవంబరులో చాట్‌జీపీటీ వెలువడినది మొదలు, పలువురు వర్తకులు పరిచయలేఖలను యంత్రముచేతనే వ్రాయించుచున్నారు. మంగళగిరి చీరలు నేయించు వర్తకుడొకడు, తానెరుగని దుకాణదారునకు ఈమెయిలు వ్రాయింపబూనెననుకొందము. ఊరక “వ్రాయుము” అన్నచో యంత్రము పొగడ్తలతో పుట నింపవచ్చును. “ఆరు వాక్యములు చాలును, పేరు చివర ‘గారు’ చేర్చుము, విశేషణములు తగ్గింపుము, తుదకు ఒక్క ప్రశ్నయే అడుగుము” అన్నచో లేఖ కుదుటపడును.

అయితే, పది చీరలే సిద్ధముగా ఉండగా నూరున్నవని అది కల్పించి వ్రాయుటయు కలదు. ఆ మాటకు పూచీ సంతకము చేసినవారిదే. కనుక పంపుటకు ముందు లేఖను ఒకసారి బిగ్గరగా చదువుకొనుడు. ఆ దుకాణదారుడే మీ అరుగుమీద కూర్చున్నచో ఇవే మాటలు చెప్పుదురా? చెప్పలేనివానిని కొట్టివేయుడు.