జాకీ కూగన్ సంపాదన ఎవరిది?

ఇవాళ న్యాయశాస్త్ర పట్టాలు అందుకుంటున్న మీకూ, మీకంటే ఎక్కువ సంబరపడుతున్న మీ అమ్మానాన్నలకూ అభినందనలు.

పెద్ద పెద్ద తీర్పులు మీ మాస్టార్లు చెప్పే ఉంటారు. నేనొక సినిమా పిల్లాడి కేసు చెబుతాను.

చాప్లిన్ తీసిన 'ది కిడ్' 1921లో విడుదలైంది. అందులో పిల్లాడు రాయి విసిరి కిటికీ అద్దం పగలగొడతాడు. కాసేపటికి అద్దాలు బిగించే చాప్లిన్ ఏమీ ఎరగనట్టు అటుగా వస్తాడు. ఒకసారి రాయి విసరబోతూ చెయ్యి వెనక్కి లాగితే, అది వెనకాలే నిలబడ్డ పోలీసుకు తగులుతుంది. ఇక చూడాలి ఆ పిల్లాడి మొహం! మూకీ సినిమా కదా, మొహమే మాట్లాడాలి. అదే మాట్లాడింది.

అతనే 1914లో పుట్టిన జాకీ కూగన్. ఆ ఒక్క సినిమాతో ప్రపంచమంతటికీ తెలిసిపోయాడు. చిన్నతనంలో సంపాదించింది ముప్పై, నలభై లక్షల డాలర్లని అంచనా. 1935లో కారు ప్రమాదంలో తండ్రి పోయాడు. మేజరయ్యాక తన డబ్బు తనకిమ్మంటే తల్లి, మారుతండ్రి ఇవ్వం అన్నారు. 1938లో దావా వేశాడు. అప్పటి కాలిఫోర్నియా చట్టం ప్రకారం మైనరు సంపాదన తల్లిదండ్రులదే. చివరికి చేతికొచ్చింది 1,26,000 డాలర్లు.

ఆ గొడవ చూసి, పిల్లల సంపాదన కాపాడాలని 1939లో అక్కడ 'కూగన్ చట్టం' తెచ్చారు. అదీ చిల్లుల బుట్టే. కోర్టు ఆమోదించిన ఒప్పందాలకే వర్తించేది. పిల్లల సంపాదన పిల్లలదేనని గట్టిగా రాయడానికి 2000 దాకా ఆగాల్సి వచ్చింది. ఒక చిల్లు పూడ్చడానికి అరవై ఏళ్ళా? కూగన్ 1984లోనే పోయాడు.

మన దగ్గరా ఒక నిబంధన ఉంది. 2017లో సవరించిన బాలకార్మిక నిబంధనల ప్రకారం బాలనటుల ఆదాయంలో కనీసం 20 శాతం వాళ్ళ పేరునే జాతీయం చేసిన బ్యాంకులో ఫిక్స్‌డ్ డిపాజిట్ చెయ్యాలి. రోజుకి ఐదు గంటలకు మించి పని చేయించకూడదు. ఇది ఎన్ని షూటింగుల్లో ఎంతమందికి తెలుసో మీరే కనుక్కోండి. రేపు మీ ఆఫీసుకు ఓ బాలనటుడి అగ్రిమెంటు వస్తుంది. నిర్మాత ఫీజు ఇస్తాడు, తండ్రి సంతకం పెడతాడు. మీరు మాత్రం ముందు ఆ పిల్లాడి పాస్‌బుక్ అడగండి.