నిక్కో యాత్ర

జపానువారిలో ఒక సామెత కలదు. నిక్కో చూడనంతవరకు ‘కెక్కో’ అనరాదట. కెక్కో అనగా వారి భాషలో బహు బాగున్నదని అర్థము. ప్రాసప్రియులైన మనవారికి నచ్చవలసిన మాట. ఒక అక్టోబరు మాసములో నాకు టోకియోలో పని పడినపుడు మా అమ్మగారు కూడ వెంట వచ్చినారు. పని ముగిసిన పిమ్మట ఇరువురము రెండు రోజులు ఆ కొండయూరిలో గడపినాము. ఆమెకు డెబ్బది రెండేండ్లు. కాశీ, బదరి చూచిన మనిషి.

టోకియోలోని అసకుస స్టేషనులో రైలెక్కినచో రెండు గంటలలో నిక్కో చేరవచ్చును. ఊరి చివర కొండవాగుపై ఎర్రలక్క పూసిన వంతెన యున్నది. 766వ సంవత్సరములో షోదో అను భిక్షువు ఇచట ఏరు దాటలేక ప్రార్థింపగా రెండు పాములు వంతెనగా నిలిచినవని చెప్పుదురు. ఈ కథ వినిపింపగా, “స్థలపురాణము లేని క్షేత్రమెక్కడిదిరా?” అన్నారు అమ్మగారు.

ఇచటి కొండకు పూర్వనామము ఫుతర. ఆ పేరు వ్రాసిన అక్షరములనే చీనా ఉచ్చారణలో చదివినచో ‘నికో’ అగును. అదియే నిక్కో అయినది. ఫుతర అను మాట ‘పోతలక’ శబ్దమునుండి పుట్టినదని కొందరి మతము. పోతలకము అవలోకితేశ్వరుని నివాసపర్వతము. అది దక్షిణ భారతదేశమున మలయపర్వత సమీపమున నున్నట్లు హ్యూయన్‌త్సాంగు వ్రాసినాడు. ఈ సంబంధము నిజమైనచో, మనము చూడబోయినది మన దిక్కు కొండ పేరునే.

రిన్నోజి ఆలయములో మూడు బంగారుపూత విగ్రహములు కలవు. అందొకటి శిరముపై గుఱ్ఱపుతల గల అవలోకితేశ్వరుడు. సంస్కృతమున ఆయన పేరు హయగ్రీవుడని చెప్పగానే అమ్మగారు చేతులు జోడించినారు. బౌద్ధుల హయగ్రీవుడు వేరు, మన విష్ణుమూర్తి అవతారము వేరు అని వివరింపబోయినాను. ఆమె వినలేదు. నేనును పట్టుపట్టలేదు.

ప్రధానమైన తోషోగు మందిరము తొకుగవ ఇయేయసు ప్రభువు సమాధిస్థానము. ఆయన 1616లో మరణింపగా, మరుసటి సంవత్సరము ఇచటికి తెచ్చి దైవముగా ప్రతిష్ఠించినారు. నేడు కన్పించు వైభవము మనుమడు ఇయెమిత్సు 1636 నాటికి కట్టించినది. చెవులు, నోరు, కన్నులు మూసికొన్న మూడు కోతుల చెక్కడము గుఱ్ఱపుసాలపై నున్నది. దానిని ఎరుగనివారు లేరు గనుక విడిచిపెట్టుచున్నాను.

సమాధికి 207 మెట్లు. అమ్మగారు యోమెయిమోన్ అను ద్వారము ఎదుట కూర్చుండిపోయినారు, నేనొక్కడనే ఎక్కి వచ్చినాను. ఐదువందలకు పైగా చెక్కడములు గల ఆ ద్వారమును పొద్దుగుంకువరకు చూచినను తనివి తీరదందురు. దాని పన్నెండు తెల్లని స్తంభములలో ఒకదానిపై నగిషీ తలక్రిందులుగా నున్నది. పొరబాటు కాదు. పని సంపూర్ణమైన నాటినుండియే క్షీణింపనారంభించునని భయపడి, కావలెననియే ఒక లోపము నిలిపినారట. “మనము ఇంటికి దిష్టిబొమ్మ కట్టుదుము. వీరు స్తంభమునే త్రిప్పినారు,” అన్నారు అమ్మగారు.

రేడియోలో పనిచేయువానికి అంతకంటె వింత వేరొకటి యున్నది. ఒక మందిరపు పైకప్పుపై డ్రాగను చిత్రము గలదు. దాని తల క్రింద నిలిచి అర్చకుడు రెండు కొయ్యముక్కలు తట్టినచో గలగలమని గంటలు మ్రోగినట్లు ధ్వని సాగును. నాలుగడుగులు ప్రక్కకు జరిగి తట్టినచో ఏమియు లేదు. కప్పునకును నేలకును నడుమ శబ్దము పదేపదే పరావర్తనము చెందుటయే కారణము. స్టూడియోలలో మేము ఎంతో శ్రమపడి తొలగించు దోషమును ఇచట దైవనాదముగా కాపాడుచున్నారు. 1961లో ఆ మందిరము కాలిపోయినది. తిరిగి కట్టినపుడు చిత్రముతోపాటు ఆ నాదమును గూడ నిలుపుకొన్నారు.

ఇక భోజనము. ఈ ఊరి ప్రత్యేకత ‘యుబ’. సోయాపాలు కాచునపుడు పైన కట్టు మీగడను ఎత్తి తీసినదే యుబ. క్యోటోలో అంచు పట్టి ఒంటిపొరగా తీయుదురు. నిక్కోలో నడుమ పుల్ల పెట్టి ఎత్తుటచే అది రెండు మడతలగును. మాంసము ముట్టని భిక్షువుల ఆహారము. మాకింతకంటె ఏమి కావలెనని సంతోషించినాను.

మేము దిగిన సత్రమునకు ముందుగానే వ్రాసియున్నాను: మాంసము, చేపలు, గ్రుడ్లు పనికిరావని. రాత్రి యుబ ముక్కలు వేసిన చారు వచ్చినది. అమ్మగారు రెండు గుటకలు త్రాగి, బాగున్నదన్నారు. నాకేదో అనుమానము తోచి యజమానురాలిని అడిగినాను. చారునకు ఆధారము ఎండుచేప తురుము కాచిన నీరు. ఆమె దృష్టిలో అది చేప కాదు, రుచి మాత్రమే. నా ముఖము చూచి ఆమె ముఖము వెలవెలబోయినది.

చెప్పకున్నచో అమ్మగారికి తెలియదు. డెబ్బది రెండేండ్ల నియమము. తెలిసి బాధపడుటకంటె తెలియకుండుటయే మేలు గదా యని ఒక్క క్షణము అనిపించిన మాట నిజము. కాని చెప్పినాను. ఆమె గిన్నె ప్రక్కకు జరిపి, నీళ్లతో పుక్కిలించి వచ్చి కూర్చున్నారు. “ఆ అమ్మాయి తప్పేమున్నది? నీవు ముక్కలను గూర్చి వ్రాసినావు, నీళ్లను గూర్చి వ్రాయలేదు,” అన్నారు. ఆ రాత్రి పెరుగు లేని అన్నమే తిన్నారు.

తెల్లవారి యజమానురాలు సముద్రపు నాచును, పుట్టగొడుగులను కాచి వేరొక చారు చేసి తెచ్చినది. తలుపు వద్దనే మోకరించి కూర్చున్నది. అమ్మగారు చివరిబొట్టువరకు త్రాగి, మీగడ ఎట్లు ఎత్తుదురో చూపుమని చేసైగలతో అడిగినారు. ఇద్దరును వంటయింటిలోనికి పోయినారు. నేను బస్సునకు ఆలస్యమగునని కేక వేయవలసి వచ్చినది.

బస్సు ఎక్కు కొండదారికి ఇరోహాజక యని పేరు. పోవు దారి, వచ్చు దారి కలిపి 48 మలుపులు. జపానువారి వెనుకటి అక్షరమాల అక్షరములును అన్నియే. పైన చూజెంజి సరస్సు, సముద్రమట్టమునకు 1269 మీటర్లు. దాని నీరు 97 మీటర్ల ఎత్తునుండి కెగోన్ జలపాతముగా దూకును. మేపిల్ ఆకులు ఎర్రబడిన కాలమది. వర్ణించుట నా చేతగాదు.

సరస్సు ఒడ్డున 2486 మీటర్ల నాన్తాయి పర్వతము నిలిచియున్నది. షోదో రెండుమార్లు విఫలుడై, 782లో దాని శిఖరము చేరినాడు. ఆ పిదప వేయేండ్లకు పైగా స్త్రీలకు ఈ కొండపై అనుమతి లేదు. గుఱ్ఱములను మరలించు చోటికి ఆవల స్త్రీలును పోరాదు. 1872లో ఆ నిషేధము తొలగినది. మేము చూచుచుండగనే చేతికఱ్ఱలతో నలుగురు యువతులు నవ్వుకొనుచు మెట్లెక్కిపోయినారు.

అమ్మగారు ద్వారము వద్ద చెప్పులు విడువబోగా అర్చకుడు వద్దని సైగ చేసినాడు. కొంగు దోపుకొని, నా చేయి విడిపించుకొని, పదునొకండు మెట్లు ఎక్కినారు. అచటినుండి వెనుదిరిగి సరస్సు వంక చాలసేపు చూచి, ఆకలి వేయుచున్నదన్నారు. సత్రపు యజమానురాలు అరిటాకు దొరకక కాగితములో కట్టియిచ్చిన యుబ మూట విప్పినాము.