దాచుట వేరు, వెదకి తీయుట వేరు
(గ్రంథాలయ రజతోత్సవ సభయందు చేసిన ప్రసంగ పాఠము)



నన్ను ఈ వేదికపై నిలిపిన కార్యదర్శిగారు, "పట్నములో నీవు చేయు పని యేమో మా కెవ్వరికిని తెలియదు, అదియే చెప్పుము నాయనా" అని ఆజ్ఞాపించిరి. పెద్ద పెద్ద ఫైళ్లను అనేక యంత్రములకు పంచి దాచెడి డేటాబేసులను కనిపెట్టుకొని యుండుట నా వృత్తి. వినుటకు ఇది మన గ్రామమునకు పొసగని విషయముగ తోచవచ్చును. కాని మన గ్రంథపాలకులు ఇరువదియైదేండ్లుగా చేయుచున్న పనియే యిది. వారు బీరువాలతో చేయునది మేము యంత్రములతో చేయుదుము. పైగా మన పాత పుస్తకములను, యువకులు నడపిన చేతివ్రాత పత్రికను స్కాను చేయింపవలెనని కార్యవర్గమువారు సంకల్పించియున్నారు. ఆ పని మొదలుకాకముందే ఒక మాట మనవి చేయదలచితిని.

ముందుగా నా తప్పిదము చెప్పుకొందును. మా మాతామహులు చెఱువుగట్టున కూర్చుండి తత్త్వములు పాడుచుండెడివారు. 2014లో ఒక రాత్రి మూడు గంటలసేపు వారి పాటలను, మాటలను ఫోనులో ఎక్కించితిని. భద్రముగ నుండుటకై మూడు డిస్కులయందు మూడు ప్రతులు దాచితిని. 2019లో వారు గతించిరి. పెద్దకర్మనాడు మా అమ్మ, "నాన్న పాడిన ఆ చెఱువు పాట ఒక్కసారి వినిపింపుము రా" అని యడిగినది. ఆ ఫైలునకు ఫోను తానే పెట్టిన అంకెల పేరు తప్ప వేఱు పేరు లేదు. అట్టివి నాయొద్ద నాలుగువేలకు పైగా గలవు. కర్మ ముగిసినది, బంధువులు వెడలిపోయిరి. ఒక్కొక్కటే వినుచు పోగా తొమ్మిదవ రాత్రి అది దొరికినది. అప్పుడైనను, ఆ పాట ఫైలు నడుమ రెండు గంటల పదునాలుగవ నిమిషమున నున్నది. మూడు ప్రతులును చెక్కుచెదరలేదు. ఐనను మా అమ్మకు కావలసిననాడు అది లేదు. ఈ పనియే వృత్తిగా గలవానికి జరిగిన ముచ్చట యిది!

ఇక విషయమునకు వత్తును. మూడువందల పుటల పుస్తకమును స్కాను చేసినచో పుటకు సుమారు ఒక మెగాబైటు వంతున మూడువందల మెగాబైట్ల ఫైలగును. అదే పుస్తకమును అక్షరములుగ టైపు చేసినచో సుమారు ఒక్క మెగాబైటు చాలును. బొమ్మ అంత బరువైనది. ఇట్టి ఫైళ్లు లక్షలు చేరినపుడు ఒక యంత్రము మోయజాలదు. మోసినను, అది చెడిననాడు సర్వము పోవును.

ఈ చిక్కునకు గూగుల్ సంస్థవారు కనుగొనిన యుపాయమును సంజయ్ ఘెమావత్, హొవార్డ్ గోబియోఫ్, షున్-తాక్ ల్యూంగ్ అను మువ్వురు 2003లో ఒక వ్యాసమున ప్రకటించిరి. వారు మేలైన, ఖరీదైన యంత్రములను కొనలేదు. సామాన్యమైనవానినే వేలకొలది పేర్చి, వీనిలో ఏవో కొన్ని నిత్యము చెడుచునే యుండునని ముందుగనే ఒప్పుకొనిరి. నాకీ వ్యాసమున మిక్కిలి నచ్చినది ఈ ఒప్పుకోలే. ప్రతి ఫైలును 64 మెగాబైట్ల ముక్కలుగ కోసి, ఒక్కొక్క ముక్కకు మూడేసి ప్రతులు తీసి, వేర్వేరు యంత్రములయందుంతురు. మనము చెప్పుకొన్న పుస్తకము ఐదు ముక్కలగును, మూడేసి ప్రతులతో పదునైదు.

ఏ పుస్తకమునకు ఏ ముక్కలో, అవి ఏ వరుసలోనివో తెలిసినది ఒక్క పెద్ద యంత్రము. మన పాత కరణముగారిని తలచుకొనుడు. ఏ చేను ఎవరిదో ఆయన లెక్కలో నుండును గాని ఆయన ధాన్యము మోయడు. ఈ యంత్రమును అంతియే. చదువరి వచ్చి యడిగినచో, "నీ ముక్క ఫలానా చోట నున్నది, పోయి తెచ్చుకొనుము" అని చెప్పును. మోత యంతయు తక్కిన యంత్రములది. విచిత్రమేమనగా, ఏ ముక్క ఎవరి యొద్ద నున్నదో ఈ కరణము శాశ్వతముగ వ్రాసిపెట్టుకొనడు. లేచినంతనే ఒక్కొక్కరిని, "నీ యొద్ద ఏమున్నవి?" అని యడిగి తెలిసికొనును. యంత్రములు చెడుచు, మారుచు నుండగా పాతలెక్కను నమ్ముటకంటె, ఉన్నవానినే అడుగుట మేలని వారు తలచిరి. ముక్కల వరుసలెక్క మాత్రము పోరాదు గనుక దానికి వేఱు చోట్ల కూడ నకళ్లుండును.

ఆ వ్యాసమును చూచి, ఎల్లరును ఉచితముగ వాడుకొనదగినట్లు నిర్మింపబడినదే హడూప్. 2006లో వెలువడిన దీనికి ఆ పేరు పెట్టినవారు డగ్ కటింగ్. అది ఆయన చిన్నకుమారుని యాటబొమ్మ, పసుపుపచ్చని యేనుగు పేరట! ఇందు ప్రతి యంత్రమును మూడు సెకండ్ల కొకసారి "ఉన్నాను" అని కబురంపుచుండవలెను. పదినిమిషములకు పైగా పలుకనిదానిని పోయినదిగా నెంచి, దానిలోని ముక్కలకు మిగిలిన ప్రతుల నుండి క్రొత్త ప్రతులు తీయుదురు. మూడు ప్రతులను ఒకే వరుస బీరువాలో ఉంచరు. ఒకటి ఒకచోట, రెండు వేఱొకచోట ఉంచెదరు. ఒక బీరువాకు కరెంటు పోయిన అందలి యంత్రములన్నియు ఒక్కసారే ఆగును గదా! నా మూడు డిస్కులును ఒక్క సొరుగులోనే యుండెనని ఇప్పుడు సిగ్గుపడుచు చెప్పుచున్నాను.

ప్రతికి మూడింతల చోటు దండుగ కాదా యని లెక్క తెలిసిన రైతు అడుగును. నిజమే. 7, 5 అను రెండంకెలతోపాటు వాని మొత్తము 12ను కూడ వేఱొకచోట వ్రాసియుంచితిమనుకొనుడు. మూటిలో ఏదైన ఒకటి చెరిగినను మిగిలిన రెంటినుండి దానిని రాబట్టవచ్చును. 1960లో ఇర్వింగ్ రీడ్, గుస్తావ్ సాలమన్ అను గణితజ్ఞులు ఈ కిటుకును ఎంతో ముందునకు కొనిపోయిరి. ఆరు ముక్కలకు మూడు లెక్కముక్కలు చేర్చినచో, తొమ్మిదింటిలో ఏ మూడు పోయినను అన్నియు మరల వచ్చును; చోటు మాత్రము ఒకటిన్నర రెట్లే పట్టును. అరుదుగ తెఱచెడి పాతఫైళ్లకు ఇది యుక్తము.

ఇంతవరకు దాచుటను గూర్చి చెప్పితిని. ఇందు శాస్త్రము చాల దూరము పోయినది. అసలు చిక్కు తరువాతిది. మోంగోడీబీ యను డేటాబేసు నొకదానిని చూడుడు. అందు ఒక్క పత్రము 16 మెగాబైట్లు మించరాదు. మించినదానిని గ్రిడ్‌ఎఫ్ఎస్ అను పద్ధతిని 255 కిలోబైట్ల ముక్కలుగ చేసి ఒక పెట్టెలో నుంచి, ఫైలు పేరు, పరిమాణము, తేదీ మున్నగువానిని వేఱొక పెట్టెలో వ్రాయుదురు. వెదకుట సాగునది ఈ రెండవ పెట్టెలోనే. ముక్కల పెట్టెలోనివి డేటాబేసునకు మూటలు మాత్రమే. వానిలో పద్యమున్నదో పాటయున్నదో దానికి తెలియదు. రెండవ పెట్టెలో మనమేమి వ్రాసితిమో అదియే అడిగినపుడు వచ్చును. వ్రాయనిది రాదు.

లోపలి మాటను కూడ పట్టవలెనన్నచో మాటల సూచిక కట్టవలెను. మన ప్రాచీన కావ్యముల ముద్రణలలో చివర అకారాది పద్యసూచిక యుండుట మీరెఱుగుదురు. పదమూడవ శతాబ్దిలో పారిస్ నగరమున హ్యూ అను క్రైస్తవ సన్న్యాసి తన తోడివారిచేత లాటిను బైబిలునకు ఇట్టి పదసూచిక కట్టించెను. నేటి యంత్రములు చేయునదియు నదే: ప్రతి మాటకును అది కనబడు పుటల జాబితా. డగ్ కటింగ్ 1999లో వ్రాసిన లూసీన్ అనునది ఇట్టి సూచికను కట్టు పనిముట్టు. "చెఱువు, తూము" అని రెండు మాటలు అడిగినచో ముందు అరుదైన మాట జాబితానే తీయుట లాభము. తూమున్న పుటలు కొన్నియే. వానిలో చెఱువున్నవేవో చూచిన చాలును. సూచికయే మిక్కిలి పెద్దదైనచో దానిని కూడ పంచెదరు. ప్రశ్న అన్ని యంత్రములకు పోవును. ఎవరి వంతు వారు వెదకి పంపగా, ఒకరు కూర్చి యిత్తురు.

తెలుగున ఇది మఱియు కష్టము. స్కాను చేసిన పుట బొమ్మయే గాని అక్షరము గాదు. ముందు యంత్రముచే చదివించి అక్షరములుగ మార్చవలెను. పాత అచ్చులో ఒత్తులు, అరసున్నలు దానిని మోసగించును. పిదప మన సంధులు! "ఆలయము" అని వెదకినవానికి "గ్రంథాలయమునందు" అనునది దొరకవలెనన్నచో సంధిని విడదీయుటయు, విభక్తిని వలచుటయు యంత్రమునకు నేర్పవలెను. గ్రంథమును గ్రంధమని వ్రాసిన వారి సంఖ్య ఈ సభలోనే తక్కువ కాదు. దానికిని దారి చూపవలెను.

ఇందులకు మనకు దగ్గరి నిదర్శనము కలదు. చిత్తూరు ప్రాంతపు కాటూరున 1937లో జన్మించి, 1994లో ట్యూరింగ్ పురస్కారము నందిన రాజ్ రెడ్డిగారు అమెరికాలో కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయము నుండి పది లక్షల గ్రంథముల స్కానింగు ఉద్యమమునకు నాయకత్వము వహించిరి. హైదరాబాదు ట్రిపుల్ ఐటీ అందొక కేంద్రము. తెలుగు పుస్తకములెన్నియో అట్లు భారత డిజిటల్ గ్రంథాలయమునకు చేరినవి. కొన్నేండ్లకు ఆ గ్రంథాలయపు వెబ్‌సైటు మూతపడినది. ఐనను అందలి పుస్తకములలో లక్షలాది ప్రతులు 1996లో స్థాపితమైన ఇంటర్నెట్ ఆర్కైవులో నుండుటచే బ్రదికినవి. అనగా దాచుట నెగ్గినది. కాని తెలుగు పేర్లు ఇంగ్లీషు అక్షరములలో, ఒక్కొక్కచో ఒక్కొక్క తీరుగ, తప్పులతో వ్రాయబడినందున, ఉన్న పుస్తకమే లేదనుకొని మరలిపోవువారు అనేకులు. నేనును రెండు పర్యాయములు అట్లు మరలిపోయినవాడనే.

కావున కార్యవర్గమువారికి నా విన్నపము: స్కాను చేయువాడు పుటను తిప్పుచుండగనే ప్రక్కన ఒకరు కూర్చుండి, పేరు, కర్త, సంవత్సరము, విషయము తెలుగు అక్షరములతో వ్రాయవలెను. చేతివ్రాత పత్రికయందైనచో ప్రతి వ్యాసమునకును, ప్రతి గేయమునకును వేఱువేఱుగ వ్రాయవలెను. బొమ్మ వేసినవారి పేరును విడువరాదు. యంత్రము చేతివ్రాతను నమ్మదగినట్లు చదువలేదు. వ్రాసినవారిలో పలువురు నేడు ఈ సభలో నున్నారు. పదేండ్ల పిమ్మట ఎవరినడుగుదుము? ఇందులకు యంత్రములక్కరలేదు, ఓపిక గల ఇద్దరు చాలుదురు. ఖర్చు స్కానింగునకే సరిపోవునని, పట్టిక తరువాత చూచుకొందమని ఒక సభ్యులు అనినట్లు వింటిని. ఆ మాటతో నేనేకీభవింపను. డబ్బు చాలకున్న సగము పుస్తకములే స్కాను చేయింపుడు గాని, ఆ సగమునకు పట్టికను పూర్తిగ వ్రాయింపుడు.

మా అమ్మ ఈ సభలో రెండవ వరుసలో కూర్చుండి యున్నది. ఆ మూడు గంటల ఫైలును మేమిరువురము మరల మొదటినుండి విని, ఏ నిమిషమున ఏ పాటయున్నదో ఆమె చెప్పగా నేను నోటుపుస్తకమున వ్రాసితిని. పదునేడు పాటలు తేలినవి. ఆ నోటుపుస్తకపు నకలును, పాటల ప్రతిని నేడు ఈ గ్రంథాలయమునకు సమర్పించుచున్నాను. అందు పదకొండవ, పదునాలుగవ పాటల యెదుట గడులు ఖాళీగ నున్నవి. అవి యెవరి తత్త్వములో ఆమెకును తెలియలేదు. సభానంతరమున ఆ రెండింటిని ఇచ్చటనే వినిపించెదను. పెద్దలెవరైనను గుర్తించినచో ఆ గడులలో వ్రాసికొనుటకు కలము సిద్ధముగ నున్నది. సెలవు.